ఐదో అరలో ఆరుకాళ్ళది

తలుపు పడిన రోజు

గంట కొట్టింది నేనే. ఆ మాట ముందే రాసేస్తే సగం బరువు దిగుతుంది.

దీపాల కింద గెనుసుగడ్డ తీగలు సర్దుతున్నాను. సుంకులమ్మ అవతలి మడికి నీళ్ళు పెడుతోంది. నీళ్ళ జాడీ వెనకనుంచి ఒకటి బయటికి వచ్చింది. బొటనవేలంత పొడుగు, నల్లటి ఒళ్ళు, వీపు మీద ఆరు తెల్ల చుక్కలు. కాళ్ళు లెక్కపెట్టాను. అవీ ఆరే. ఒళ్ళు నేలకి తగలకుండా కాళ్ళ మీద ఎత్తుగా లేచి, సొంత ఇంట్లో తిరిగినట్టు మడి గట్టు వెంట నడుస్తోంది.

"సుంకులూ, పురుగు!" అన్నాను.

సుంకులమ్మ చూసింది. చూసి, చూడనట్టు మొహం పెట్టింది. "యాడక్కా? ఏం లేదు. గమ్మునుండు," అంది.

ఆ 'గమ్మునుండు'తోనే నాకు ఒళ్ళు మండింది. సుంకులమ్మ నాకు తోటికోడలు, నా మొగుడి తమ్ముడి పెళ్ళాం. పన్నెండేళ్ళుగా ఐదో అరలో ఇద్దరం కలిసి సాగు చేస్తున్నాం. నీళ్ళు పెట్టావా, తీగ కట్టావా అన్న మాటలు తప్ప మా మధ్య ఇంకో మాట లేదు. అలాంటిది, చిన్నది నాకు నోరు మూసుకోమని చెప్తుందా అనుకుని నేరుగా వెళ్ళి గంట తాడు లాగాను.

నాపరాయి తలుపు దబ్బున పడింది. దుమ్ము లేచింది. దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకుని చూస్తే పురుగు లేదు.

ఇది నేల కింద ఉన్న మా అడుగూరిలో చంటిపిల్లలకి కూడా తెలిసిన కట్టుబాటు. ఆరు కాళ్ళది ఏది కనబడినా గంట కొట్టాలి. కొడితే ఆ అర తలుపు పడుతుంది. అప్పుడు లోపల ఎవరుంటే వాళ్ళు లోపలే. చచ్చిన పురుగుని అన్నం కిటికీలోంచి చూపిస్తేనే తలుపు లేస్తుంది. మనుషులందరూ బయటికి వచ్చేశాక అరకి గంధకం పొగ పెడతారు. పొగ పెట్టిన మట్టిలో మూడు పంటల కాలం గడ్డి కూడా మొలవదు. మా తాతల కాలంలో ఏదో పురుగు గింజల కొట్టు మొత్తం తినేసి సగం ఊరిని ఆకలితో చంపిందట. అప్పటినుంచి పురుగంటే పురుగే, అది ఏ పురుగని ఎవరూ అడగరు.

నాకేం భయం లేదు. చెప్పుతో ఒక్కటి వేస్తే రేపటికి ఇంట్లో ఉంటాను.

మర్నాడు

గడప కాపలా దస్తగిరి అన్నం గిన్నె తెచ్చి కిటికీలోంచి లోపలికి తోశాడు. గిన్నె పట్టేంత కిటికీ. అందులోంచి అతని గడ్డం, ఒక కన్ను కనిపిస్తాయి.

"చంపినావా పెద్దమ్మా?"

"చస్తుందిలే. తొందరేముంది?"

"నాకేం తొందర? మార్గశిరంలో నీ పైచూపు ఉండాది గదా, అందుకే అడిగితి."

గుర్తు చేయకపోతే మరిచిపోతానా? పన్నెండేళ్ళుగా ఎదురుచూస్తున్నది దాని కోసమే. పైన ఎండకి రాళ్ళు కూడా పగులుతాయి. ఏడాదిలో చలి ఎక్కువగా ఉండే నెలలో మాత్రం, కొద్దిమందిని మెట్లెక్కించి పైకి పంపుతారు. తెల్లవారకముందు ఎక్కి, ఎండ చురుక్కుమనేలోపు దిగిపోవాలి. కుటుంబానికి పన్నెండేళ్ళకి ఒక్క వంతు. కిందటిసారి వంతు నాది కావలసింది. మా అత్త, కొత్త కోడలు ముచ్చట పడుతోందని, సుంకులమ్మని పంపింది. పెళ్ళై నెల కూడా కాలేదు దానికి. వెళ్ళింది, వచ్చింది, ఆకాశం ఎలా ఉందో ఒక్క మాట చెప్పలేదు. నేనూ అడగలేదు. నా వంతు తిని వచ్చిన మనిషిని నేను వెళ్ళి బతిమాలాలా?

ఈసారి ఎవరూ అడ్డం రారు. అత్త లేదు. ఇంకా నెలన్నర ఉంది.

పురుగు మటుకు చిక్కలేదు. నేను వంగేలోపు మడి దాటేస్తోంది. మధ్యాహ్నం బువ్వ వేళకి ఎలాగో గిన్నె బోర్లించి పట్టాను. అంచు కొంచెం ఎత్తి రెండు వేళ్ళు పెట్టానో లేదో, వెనకనుంచి ఏదో చిమ్మింది. వేలు కాలిన కట్టెకి తగిలినట్టు భగ్గుమంది. పులిసిపోయిన వాసన. నేను అమ్మో అని గిన్నె వదిలేశాను, అది తన దారిన తను పోయింది. వేలు మీద ఎర్రగా మచ్చ తేలింది.

సుంకులమ్మ తీగల మధ్య కూర్చుని చూస్తోందే కానీ సాయానికి రాలేదు. "నీళ్ళలో ముంచు అక్కా, మంట తగ్గుతాది," అంది. నీకెలా తెలుసని అడగాలని నాకప్పుడు తోచలేదు.

నాలుగో రోజో, ఐదో రోజో

ఈ దీపాలు ఎప్పుడూ ఆరవు. పంట కోసం వెలుగుతూనే ఉంటాయి. ఇంటికి పోయి కళ్ళు మూసుకునే అలవాటున్న మనిషిని ఇరవైనాలుగు గంటలూ వెలుగులో పడేస్తే ఏమవుతుందో ఇప్పుడు తెలుస్తోంది. కొంగు మొహం మీద కప్పుకుని రెండు మడుల మధ్య కాలవలో పడుకుంటున్నాను. కాళ్ళు చాపితే గోడ. పక్కకి తిరిగితే సుంకులమ్మ మోకాలు. అది పక్కకి తిరిగితే నా వీపు. పన్నెండేళ్ళు దూరంగా ఉండి సాధించుకున్నదంతా ఈ నాలుగు రోజుల్లో పోయింది.

పురుగు వెలుగుకి దాక్కుంటోందని అర్థమై, దస్తగిరిని అడిగి కాసేపు దీపాలు ఆర్పించాను. నేను పుట్టాక అరలో చీకటి చూడడం ఇదే మొదలు. చేతిదీపం కొంగు చాటున పెట్టుకుని, చెప్పు పట్టుకుని జాడీ దగ్గర కూర్చున్నాను.

వచ్చింది. కానీ ఒంటరిగా కాదు. దాని ముందు ఒక జిగురునత్త పాకుతోంది.

జిగురునత్తలంటే గుల్ల లేని నత్తలు. నీటి కాలవల్లోంచి వస్తాయి, ఆకు తింటాయి, గడ్డ తొలుస్తాయి. మిగతా అరల్లో ఆడవాళ్ళకి పొద్దస్తమానం వాటిని ఏరి ఉప్పుకుండలో వేయడమే పని. ఏరినా సగం పంట పోతుంది. కాళ్ళు లేవు కాబట్టి వాటికి గంట కొట్టరు. మా ఐదో అరలో మాత్రం ఎప్పుడో ఒకటి కనబడితే గొప్ప. మద్దమ్మ చేతివాసి మంచిదని ఊరంతా నన్ను మెచ్చుకుంటుంది. నేనూ కాదనలేదు. పంటకీ పంటకీ మధ్య మట్టి మొత్తం జల్లెడ పట్టి, రాయీ రప్పా ఎండాకూ ఏరి పారేస్తానని, శుభ్రంగా ఉంటే నత్తలెందుకొస్తాయని అందరికీ పాఠాలు కూడా చెప్పాను.

చీకట్లో ఆ నల్లది నత్త వెనకే నడిచి, ఒక్క గంతులో పట్టేసింది. దాని దవడలు అడకత్తెరలా ఉన్నాయి. నత్త జిగురు కక్కుతూ మెలికలు తిరుగుతున్నా వదల్లేదు. నింపాదిగా తిని, మూతి కాలితో తుడుచుకుని, ఇంకోదాని కోసం కాలవ వైపు పోయింది.

నా చెయ్యి చెప్పుతో సహా గాల్లోనే ఉంది.

"చూసినావా?" అంది సుంకులమ్మ నా చెవి పక్కన.

"ఇది నీకు ముందే తెలుసు," అన్నాను.

నా చేతిలోంచి చెప్పు తీసి పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. "నేనే తెచ్చినా అక్కా. ఆ పొద్దు పైకి పోయినప్పుడు. మెట్ల కాడ నాపరాళ్ళు ఉంటాయి, ఒకదాని కింద ఇవి ఉండె. నత్తను తింటా కనపడె. కొత్తగా కాపురానికొచ్చి నత్తలు ఏరి ఏరి నా చేతి యేళ్ళు పుండ్లు పడిండె గదా. నాలుగింటిని పట్టి, మన్నుతో గూడా కొప్పులో పెట్టుకుని దిగితి."

పైనుంచి గడ్డిపోచ తెచ్చినా జీవితాంతం పంపుల దగ్గర నీళ్ళు తోడే పని వేస్తారు. ఇది నాలుగు పురుగులు తెచ్చింది. ఆ కొప్పుని చూసి, ఎంత పొగరో అని ఎన్నిసార్లు అనుకున్నానో!

"అయితే నా చేతివాసి?" అన్నాను. ఎంత వెర్రి ప్రశ్నో అడిగాక తెలిసింది.

సుంకులమ్మ చేతిదీపం వెలుగులో నా మొహం చూసి తల దించుకుంది.

మరో రోజు

నిన్నంతా సుంకులమ్మతో మాట్లాడలేదు. మూతి ముడుచుకోవడానికి ఈ అర చాలదు. అటు తిరిగి కూర్చుంటే గోడ ముక్కుకి తగులుతోంది.

నాకు కోపం పురుగు మీద కాదు, సుంకులమ్మ మీద కూడా కాదు. ఊరు నన్ను పొగిడినప్పుడల్లా ఇది పక్కన నిలబడి నీళ్ళ చెంబు కడుక్కుంటూ ఉండేది. ఒక్కసారి కూడా నవ్వలేదు. ఎగతాళిగా నవ్వి ఉన్నా నాకు ఇంత సిగ్గు వేసేది కాదు.

చివరికి నేనే అడిగాను. "మిగతావి ఏవి?"

"ఇదొకటే ఉండాది."

"నాలుగు తెచ్చానంటివి?"

"పిల్లలైనాయి. శానా అయినాయి. ఒకప్పుడు జాడీ కింద చెయ్యి పెడితే గుంపులుగా ఉండేటివి. నువ్వు జల్లెడ పట్టినప్పుడల్లా సగం పాయ. గుడ్లు మట్టిలోనే ఉంటాయి గదా అక్కా. రాళ్ళ కింద పిల్లలు ఉంటాయి. నువ్వు రాళ్ళన్నీ పారేస్తివి. నేను ఈ జాడీ కింది మూల ఒక్కటీ నీకు దొరక్కుండా కాపాడుకుంటా వస్తి. పోయినేడు నుంచి ఇదొక్కటే తిరుగుతాండాది."

పంటని కాపాడేదాన్ని శుభ్రత పేరుతో పన్నెండేళ్ళు జల్లించి పారబోశానన్నమాట. పైగా దానికి మెచ్చుకోళ్ళు.

"నాకు ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే గంట కొడ్తావని."

కొట్టాను కదా.

ఇంకో రోజు

దస్తగిరికి చెప్పి చూశాను. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేదు, ఏం తింటుందో మాత్రం చెప్పాను. పెద్దల చెవిన వేయమన్నాను. అతను పాపం నిజంగానే వెళ్ళి అడిగి వచ్చాడు.

"ఏమన్నారు?"

"ఆరు కాళ్ళది ఆరు కాళ్ళదే అన్నారు పెద్దమ్మా. ఈ పొద్దు నత్తను తింటాది, రేపు గింజలు తినదని ఎవరు పూచీ అని అడిగినారు."

"నేను పూచీ."

"నువ్వు లోపల ఉండావు గదా," అన్నాడు దస్తగిరి. వెటకారం కాదు, ఉన్నమాటే చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "బయట గడ్డ సగం చేసినారు. మనిషికి పూటకి సగం గడ్డ. మూడో అరలో పంట మొత్తం నత్తలే తినేసినాయంట. నువ్వు తొందరగా చంపి బయటికి రా," అన్నాడు.

నేను చంపి బయటికి వస్తే ఈ అరకి పొగ పెడతారు. ఊళ్ళో నత్తలు తినని పంట ఇదొక్కటే. అది కూడా పోతే ఆ సగం గడ్డ పావు గడ్డ అవుతుంది. ఇంత లెక్క అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కానీ చంపకపోతే నా పైచూపు పోతుంది. ఇంకో పన్నెండేళ్ళకి నేను మెట్లెక్కగలనా? అసలు ఉంటానా?

రేపు చంపుతాను అనుకున్నాను. మరుసటి రోజూ అదే అనుకున్నాను.

కార్తీకం అయిపోతోంది

పురుగు ఇప్పుడు మమ్మల్ని చూసి పారిపోవడం లేదు. వెనక కాలు ఒకటి ఈడుస్తోంది. చుక్కలు మాసిపోయాయి. దగ్గరగా చూస్తే దాని రెక్కల డిప్పలు రెండూ అతుక్కుపోయి ఉన్నాయి. రెక్కలున్నట్టు పైకి కనిపించడమే, ఎగిరే యోగం లేదు. "నువ్వూ మాలాంటిదానివే," అన్నాను దానితో. ఇప్పుడు పురుగుతో కూడా మాట్లాడుతున్నాను.

గాలి చాలడం లేదు. తలుపు మూసి ఉంటే పై గొట్టంలోంచి వచ్చే గాలి ఒక్కటే ఆధారం. మట్టి వాసన, మా ఇద్దరి చెమట వాసన, మురిగిన నీళ్ళ వాసన. గోడ నా వైపు జరుగుతోందని ఒకసారి భ్రమపడి, చేతులతో నెడుతూ కేకలు పెట్టానట. సుంకులమ్మ నన్ను పట్టుకుని కూర్చోబెట్టి, తలలో చేతులు పెట్టి పేలు చూస్తున్నట్టు నిమిరింది. నాకంటే చిన్నదాని దగ్గర చంటిపిల్లలా ఏడ్చాను.

"నాకు ఆకాశం చూడాలని ఉందే," అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట పైకి అనడం ఇదే మొదటిసారి.

సుంకులమ్మ చెయ్యి తలలో ఆగిపోయింది. "చంపు అక్కా. నేనేమీ అనుకోను," అంది.

చెప్పు తీసుకున్నాను. పురుగు నా పాదం పక్కనే ఒక చిన్న నత్తతో కుస్తీ పడుతోంది. దవడల్లో బలం లేదు, నత్త జారిపోతోంది, మళ్ళీ పట్టుకుంటోంది. మళ్ళీ జారిపోతోంది. నేను చెప్పు పక్కన పెట్టి, పుల్లతో నత్తని దాని వైపు నెట్టాను. ఎందుకు చేశానంటే నాకు తెలియదు. పెద్దతనం వచ్చినదాన్ని అలా చూడలేకపోయాను, అంతే.

మార్గశిరం

చచ్చిపోయింది. జాడీ పక్కన వెల్లకిలా, ఆరు కాళ్ళూ ముడుచుకుని ఉంది. పైచూపు ఎల్లుండి.

సుంకులమ్మే ముందు చూసింది. దాన్ని గెనుసాకులో చుట్టి నా చేతిలో పెట్టింది. "తీసుకో. నువ్వు చంపలేదు, నేనూ చంపలేదు. దాని పొద్దు అయిపాయ. నువ్వు పోయి చూసిరా," అంది.

నాకు సంతోషం రావాలి కదా. వచ్చింది కూడా, అబద్ధమెందుకు. వెంటనే దాని వెనకే ఏడుపు కూడా వచ్చింది. పొగ పెడతారు, మట్టి పోతుంది, నత్తలు మిగులుతాయి. ఉన్న ఒక్కటీ పోయింది.

"అట్ల తల ఏసుకుని పోతావా పైకి?" అంది సుంకులమ్మ నా జుట్టు చూసి. నాది పిలకంత జుట్టు, అందరికీ తెలుసు. తీగలు కోసే కత్తెర తీసి, నేను వద్దు వద్దంటుండగానే తన జడ మెడ దగ్గర కత్తిరించేసింది. దాని జడ ఒక్కటే దాని అందం. ఆ జుట్టుని పాయలు చేసి, మొదట్లో నారతో బిగించి కట్టి సవరం చేసింది. నా పిలకకి కలిపి, లోపల గుల్లగా ఉండేట్టు, ఇంత లావు కొప్పు చుట్టింది.

"ఎందుకే ఇంత పెద్దది? మెడ లాగుతోంది."

"ఉండనీ. పైన గాలికి ఊడకుండా ఉండల్ల," అంది. కత్తిరించిన తలతో అది పక్షి పిల్లలా కనిపించింది. దాని మొహం వైపు చూడలేక కళ్ళు తిప్పుకున్నాను.

తలుపు లేచాక

ఆకులో చుట్టిన పురుగుని కిటికీలోంచి చూపించాను. దస్తగిరి తిప్పి తిప్పి చూసి, కాళ్ళు లెక్కపెట్టి, డబ్బాలో వేసుకున్నాడు. తలుపు లేచింది. బయట పొగ వేసేవాళ్ళు గంధకం పళ్ళాలతో సిద్ధంగా నిలబడి ఉన్నారు. నేను గడప దాటాను. సుంకులమ్మ నా వెనకే వస్తోందనుకున్నాను.

గంట మోగింది.

వెనక్కి తిరిగేలోపు తలుపు పడిపోయింది. లోపలినుంచి సుంకులమ్మ గొంతు, ఎంత గట్టిగా అరవాలో అంత గట్టిగా. "ఇంగొకటి ఉండాదబ్బో! ఆరు కాళ్ళది! ఇప్పుడే చూసినా!"

దస్తగిరి నెత్తి కొట్టుకున్నాడు. పొగ వేసేవాళ్ళు పళ్ళాలు కింద పెట్టి నా వైపు చూశారు. లోపల మనిషి ఉండగా పొగ పెట్టకూడదు, కట్టుబాటు. ఇంకోటి లేదు. లేదని నాకు తెలుసు, దానికి తెలుసు. గెనుసు తీగల మధ్య ఆ చిన్న అరలో, ఆ ఆరని దీపాల కింద, ఈసారి అది ఒక్కతే.

నా చెయ్యి దానంతటదే కొప్పు మీదికి వెళ్ళింది. లోపల గుల్లగా ఉంది. అప్పుడు అర్థమైంది నాకు, నెమ్మదిగా, మొద్దు బుర్ర కదా.

పైచూపు రోజు

నాలుగు దొరికాయి.

మెట్లు ఎక్కుతుంటేనే చలి గాలి మొహాన కొట్టింది. నాతో పాటు ఎక్కినవాళ్ళంతా బయట అడుగు పెట్టగానే తలలు ఎత్తి నోళ్ళు తెరిచి నిలబడిపోయారు. ఒకతను గట్టిగా ఏడ్చాడు. నేను వంగాను. సుంకులమ్మ చెప్పిన నాపరాళ్ళు మెట్ల పక్కనే పరుచుకుని ఉన్నాయి. మొదటి రాయి కింద ఏమీ లేదు. రెండో దాని కింద తేలు. మూడోది ఎత్తలేకపోయాను.

"పెద్దమ్మా, పైకి చూడు! చుక్కలు పోతాండాయి!" అన్నారెవరో.

"మెడ నొప్పి నాయనా," అన్నాను.

ఎన్ని రాళ్ళు తిప్పానో. వేళ్ళు చీరుకుపోయాయి. వెలుగు వస్తున్న కొద్దీ అవి లోపలికి పోతాయని భయం. ఒక వాలు దగ్గర, గుల్ల నత్తలు కుప్పగా పడి ఉన్న చోట, పెద్ద పలక కింద ఒకేసారి రెండు కనబడ్డాయి. పక్కనే ఒకటి. ఇంకో చోట ఇంకోటి. ఆడదేదో మగదేదో నాకేం తెలుసు? దొరికినవన్నీ కొంగుతో పట్టి, తడి మన్ను గుప్పెడు వేసి, వెనక్కి తిరిగి కొప్పు విప్పి లోపల పెట్టి, సవరం బిగించి ముడేశాను. అంతలో వీపు మీద ఎండ చురుక్కుమంది. దిగండి దిగండని కేకలు.

గడప దగ్గర ఒక్కొక్కరినీ ఆపి బట్టలు దులుపుతారు. చీర కుచ్చిళ్ళు దులిపారు, కొంగు దులిపారు, చెప్పులు తిరగేశారు. నా వంతు వచ్చేసరికి కొప్పులో ఒకటి కదిలింది. తర్వాత చిమ్మింది. నెత్తి మీద నిప్పు పోసినట్టయింది. మంట పైనుంచి చెవి వెనక్కి దిగింది. చెయ్యెత్తితే అయిపోయింది నా పని. పళ్ళు బిగించి నిలబడ్డాను. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి.

దులిపే మనిషి నా మొహం చూసి మెత్తబడ్డాడు. "అందరూ ఇట్లే ఏడుస్తారు పెద్దమ్మా," అని నన్ను వదిలేశాడు.

అదే రోజు, అన్నం కిటికీ దగ్గర

దస్తగిరి చేతిలోంచి గిన్నె నేనే తీసుకున్నాను. ఈ పూట నేను పెడతానన్నాను. కొప్పు ఊడదీసి సవరాన్ని ఉండలా చుట్టి కిటికీలో పెట్టాను. "అరువు తెచ్చుకున్నా దాని దగ్గర. దానిది దానికి ఇచ్చేస్తున్నా," అన్నాను.

"తలకి ఏం రాసుకున్నావు పెద్దమ్మా? పులిసిన కంపు."

"చింతపులుసు. పేలకి మంచిది."

అతను ముక్కు మూసుకుని అవతలికి వెళ్ళాడు. లోపలినుంచి సుంకులమ్మ చెయ్యి వచ్చి సవరాన్ని అందుకుంది. పసిపిల్లని అందుకున్నంత జాగ్రత్తగా.

"మూడు బతికుండాయి అక్కా," అంది కాసేపయ్యాక, గుసగుసగా. "ఒకటి నలిగిపోయినాది."

"ఆ నలిగింది దాచిపెట్టు. పారేయకు. పుష్యం దాటాక అది చూపించి నువ్వు బయటికి రా. తలుపు లేవగానే నేను లోపలికి అడుగు పెడతా. గంట నేను కొడతా."

"నీకు గాలి చాలదు అక్కా. మొన్న గోడలు నెడ్తివి."

"నెడతాలే. గోడలే కదా."

భయంగానే ఉంది. ఆ అర తలుచుకుంటేనే ఊపిరి బిగుస్తోంది. అయినా అది ఒక్కతే ఎన్నాళ్ళుంటుంది లోపల?

"జాడీ కింద పెట్టు," అన్నాను. "రాళ్ళు రెండు తెచ్చి కిటికీలోంచి ఇస్తాను. ఎండాకులు కూడా. ఇంక జల్లెడ పట్టను."

లోపల నవ్వు వినిపించింది. తర్వాత కిటికీకి దగ్గరగా వచ్చి, కొంచెం సిగ్గుపడుతూ అడిగింది. "ఆకాశం ఎట్లుండాది అక్కా?"

కాలిన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని గోడకి ఆనుకున్నాను. పన్నెండేళ్ళు కలలు కన్నాను. అరుదుగా దొరికే ఆ కాస్త పొద్దూ రాళ్ళు తిప్పడంలోనే పోయింది.

"చూడలేదే," అన్నాను. "నేల చూసేసరికే ఎండెక్కింది."

తర్వాత కిటికీలోంచి దాని వేళ్ళు బయటికి వచ్చి నా వేళ్ళని పట్టుకున్నాయి.

"నేనూ చూడలేదక్కా. అందుకే నీకు ఏం చెప్పల్లో తెలీక గమ్మునుంటి."

పన్నెండేళ్ళు అడగకుండా కూర్చున్నాను. అడిగి ఉంటే ఒక్క మాటతో తీరిపోయేది. మొదట ఎవరు నవ్వారో తెలియదు, ఇద్దరికీ ఆగలేదు. దస్తగిరి వచ్చి, గిన్నె ఖాళీ అయింది కదా, ఇంక లే పెద్దమ్మా అన్నాడు. ఇంకాసేపు ఉంటానని చెప్పాను.